కొవ్వొత్తుల ప్రేబెన్

రింక్యోబింగ్ పట్టణంలో ప్రేబెన్‌తో గొడవ పెట్టుకోగలిగిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు. ముప్పై ఒక్క ఏళ్లు బస్సు నడిపాడు. సీటు పక్కన చిన్న పసుపు దీపం, కిటికీకి గళ్ల కర్టెను. ఇద్దరు ప్రయాణికులు సీటు కోసం తగువు పడితే బస్సు ఆపి, చెరో అతిమధురం బిళ్ల చేతిలో పెట్టేవాడు. వాళ్లు చప్పరిస్తూ నోరు మూసుకునేవారు. దాంతో ఆయనకు జీవితం మొత్తం అర్థమైపోయింది.

హ్యూగ అనేది డెన్మార్కులో ఇంటింటికీ ఉన్నదే. చలికాలం నాలుగింటికే చీకటి పడే చోట నాలుగు కొవ్వొత్తులు వెలిగించుకుని, ఉన్ని మేజోళ్లు తొడుక్కుని, నలుగురూ హాయిగా కాఫీ తాగితే ఎవరికి నష్టం? కానీ ప్రేబెన్‌కు అది హాయి కాదు, చట్టం. ఇంటి కప్పు కారితే, పని పాడుచేసిన మేస్త్రీని పల్లెత్తు మాట అనలేదు. చుక్కలు పడే చోట ఇత్తడి గిన్నె పెట్టి, "ఆ చప్పుడు వింటుంటే ఎంత హాయిగా ఉందో!" అన్నాడు. గిన్నె ఎనిమిదేళ్లు అక్కడే ఉంది. తమ్ముడి అంత్యక్రియల రోజు మరదలు ఏడుపు అందుకోబోతే కేకు ముక్క అందించాడు. ఊరంతా దీన్ని మంచితనం అంది. కాపురం చేసింది ఊరు కాదుగా, మెరేతె.

మెరేతె పళ్ల డాక్టరు దగ్గర నర్సుగా చేసి రిటైరైంది. ముప్పై నాలుగేళ్ల కాపురంలో ఒక్క దెబ్బలాటకు నోచుకోలేదు. అక్టోబరులో తేల్చేసుకుంది: హాలండులో ఉన్న అక్క గెర్డా దగ్గరికి వెళ్లిపోవడం, మళ్లీ రాకపోవడం. ఆ సంగతి మూడుసార్లు మొగుడి చెవిన వేసింది. మొదటిసారి ఆయన కాఫీ పెట్టాడు. రెండోసారి కొవ్వొత్తులు వెలిగించాడు. మూడోసారి ఆమె కాళ్ల మీద దుప్పటి కప్పి, "ఇప్పుడెందుకులే అవన్నీ, వెచ్చగా కూర్చున్నాం కదా" అన్నాడు.

గెర్డా ఫోన్లో పగలబడి నవ్వింది. "ఇక్కడా ఇదే జబ్బే, పేరొక్కటే వేరు. కాకపోతే వీళ్లు ముందు బల్ల గుద్ది తిట్టుకుంటారు, తర్వాత కేకు తింటారు. వచ్చెయ్యవే."

మెరేతె పెట్టెలు సర్దింది గానీ ఒక్క ఆశ మిగుల్చుకుంది. వెళ్లొద్దని ఆయన ఒక్క మాట అంటే చాలు, కేకలేసి అన్నా సరే, అన్నీ విప్పేస్తుంది.

నవంబరులో ఒక శనివారం పొద్దున్నే వ్యాను వచ్చింది. అప్పటికే ప్రేబెన్ రొట్టెలు కాల్చాడు, పుట్టినరోజులకు ఎగరేసే జెండా పెరట్లో ఎగరేశాడు, బల్ల మీద ఎనిమిది కొవ్వొత్తులు వెలిగించాడు. వ్యాను డ్రైవర్ యానిక్‌ను కూడా లాక్కొచ్చి కూర్చోబెట్టాడు. మెరేతె కోటు వేసుకునే కూర్చుంది.

"జెండా ఎగరేశారు, ఎవరి పుట్టినరోజండీ?" అన్నాడు యానిక్.

"పుట్టినరోజు కాదయ్యా, మా ఆవిడ ప్రయాణం. వెన్న రాసుకో, మొహమాటపడకు."

"మళ్లీ ఎప్పుడొస్తారమ్మా?"

"రాను," అంది మెరేతె.

యానిక్ నోట్లో రొట్టె ఆగిపోయింది. ప్రేబెన్‌కు చీమ కుట్టినట్టయినా లేదు. "జామ్ కూడా వేసుకో. మా పెరటి పళ్లతో చేసిందే."

"వ్యాను వేడెక్కిస్తానండీ," అని యానిక్ బయటపడ్డాడు.

మెరేతె మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, నీకు నోరు లేదా? వెళ్లొద్దని అనలేవూ? పోనీ తిట్టు. ఇన్నేళ్లకి ఒక్క తిట్టయినా తిట్టలేవూ?"

"ఇంత చక్కటి పూట తిట్లెందుకే? కాఫీ చల్లారిపోతోంది."

ఆమె కాఫీ కూజా ఎత్తి కొవ్వొత్తుల మీద పోసింది. వరసగా, ఎనిమిదింటి మీదా, ఒక్కటీ వదలకుండా. గది పొగతో నిండింది. బయట మబ్బు పట్టి ఉండటంతో లోపల చీకటిగానే ఉంది. ప్రేబెన్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏదో అనబోతూ నోరు తెరిచాడు. పెళ్లయిన కొత్తలో కూడా ఆయన మీద అంత ప్రేమ కలగలేదు ఆమెకు. చెయ్యి దానంతటదే కోటు పై బొత్తాం విప్పింది.

ప్రేబెన్ నోరు మూసుకున్నాడు. సొరుగు లాగి అగ్గిపెట్టె తీశాడు. తడి వత్తి మొదటి పుల్లకు అంటుకోలేదు, రెండోదానికీ అంటుకోలేదు. మూడోదానికి చిటపటలాడి వెలిగింది. ఆయన దానికి రెండు చేతులూ అడ్డం పెట్టి కూర్చున్నాడు.

"వెళ్తున్నాను," అంది మెరేతె గుమ్మంలోంచి.

ఆయన తల తిప్పలేదు. "తలుపు మెల్లగా వెయ్యవే, గాలికి ఆరిపోతుంది."

ఆమె తలుపు బార్లా తెరిచి వెళ్లిపోయింది.