చిరిగిన శుభలేఖ

ఈ రోజు విజయనగరం దగ్గర మా ఊళ్ళో స్నేహితుడి చెల్లెలి పెళ్ళికి వెళ్ళాను. ఆ ఫంక్షన్ హాలు ఒకప్పుడు మా పేట సినిమా థియేటరే. కొత్త సినిమా వచ్చిందంటే, ఫ్యాక్టరీ షిఫ్టు దిగినవాళ్ళు డ్యూటీ బట్టలతోనే క్యూలో నిలబడేవారు. తర్వాత సినిమాలు ఫోన్లలోకి వచ్చాయి, కుర్చీలు ఖాళీ అయ్యాయి, చివరికి తెర కూడా దించేశారు.

అప్పట్లో గేటు దగ్గర టికెట్లు చింపే మనిషే ఇప్పుడక్కడ వాచ్‌మన్. పేటలో పిల్లలమంతా ఆయన్ని 'మావా' అనే పిలిచేవాళ్ళం. లోపల రెండు పెళ్ళిళ్ళు జరుగుతున్నాయి. శుభలేఖ చూపించి, "మావా, ఈ పెళ్ళి కిందా, పైనా?" అని అడిగాను.

ఆయన దాన్ని అందుకుని, సగానికి చింపి, ఒక ముక్క నా చేతిలో పెట్టి, "బాల్కనీ. పైకెల్లు," అన్నాడు.

ఇద్దరం ఆ పసుపు అంచుల ముక్కల వైపే చూస్తూ ఉండిపోయాం. పెళ్ళివారు చూస్తే ఎంత అపశకునం! మావ ముఖం పాలిపోయింది.

"అలవాటు పోనేదు బావూ. ఎవలికీ సెప్పకు, పనిలోంచి తీసేత్తారు."

చెప్పనన్నాను. ఊరి పేరూ, ఆయన పేరూ రాయనిది అందుకే. నా సగం ముక్క మాత్రం, ఇంటర్వెల్లో బయటికొచ్చిన కుర్రాడిలా, భోజనమయ్యేదాకా గుప్పిట్లోనే పట్టుకున్నాను.

మీ ఊరి థియేటర్లో మీ టికెట్టు చింపిన మనిషి ఇప్పుడెక్కడున్నాడో మీకు తెలుసా?