దిద్దుబాటులో పోయిన నాయన

మొన్న శుక్రవారం పొద్దున సరిగ్గా పదిన్నరకు, తిరుపతిలో ఒక అచ్చాఫీసులో, ఎదిగే పిల్లల కోసం నేను రాసిన నాలుగో నవల చివరి ప్రూఫు నా చేతికిచ్చారు. అట్టలకు పూసే మైదా గంజి వాసన తగలగానే నేను నగరిలోని మా మగ్గాల వీధికి వెళ్ళిపోయాను. తెల్లవారకముందే వీధి పొడుగునా పడుగు దారాలు చాచి గంజి పూసేవాళ్ళు; ఎండాకాలం అది పొద్దెక్కేలోపే ఆరిపోయేది, వానాకాలం పులిసి కంపుకొట్టేది, ఆడికృత్తిక పండగనాడు మాత్రం మా అమ్మ వేయించే మినప వడల వాసన దాన్ని ఓడించేది. ఆడపిల్లలం బడి ఎరగం. రాట్నం ముందు నూలు కండెలు చుడుతూ, సందు దొరికితే తొక్కుడుబిళ్ళకు పారిపోయేవాళ్ళం. చేతిలో నూలు అయిపోగానే గుంతమగ్గంలోంచి నాయన అరిచేవాడు.

"ఏమ్మే, కండె యాడ?"

"నాయనోవ్, తెస్తాండా!"

అలా సాగదీయాల్సిందే. వీధంతా మోగే మగ్గాల మీద మామూలు పిలుపు పారదు.

ఆ పిలుపుతోనే నా నవల మొదలవుతుంది. ప్రూఫులో చూస్తే "నాన్నా" అని ఉంది. పుస్తకమంతా అంతే.

"పట్నం పిల్లలకు అర్థం కాదు గదమ్మా," అన్నాడు పుస్తకం వేస్తున్న సుధాకర్.

"దయ్యాలూ మంత్రగాళ్ళూ అర్థమయ్యే పిల్లోళ్ళకి మా నాయన అర్థం కాడా అబ్బా? మీ ఇంట్లో నువ్వేమని పిలస్తావు?"

"ఇల్లు వేరు, పుస్తకం వేరమ్మా."

ఒళ్ళు మండింది. నలభై దాటాక, వడమాలపేట మీదుగా పోయే బస్సుల బోర్డులు కూడబలుక్కుంటూ అక్షరాలు నేర్చినదాన్ని. చదువు లేనప్పుడు నోరు మూసుకోమన్నారు; చదువొచ్చాక నోరు మార్చుకోమంటున్నారు.

"మిషను ఎయ్యమను," అన్నాను. చప్పుడు మొదలైంది. "ఇప్పుడు పిలువు, మీ నాన్నని."

సుధాకర్ నవ్వుతూ "నాన్నా" అన్నాడు. నాకు తోడొచ్చి పక్కనే నిలబడిన మా చెల్లెలికే వినబడలేదు. నేను గొంతెత్తి "నాయనోవ్!" అన్నాను. షెడ్డు ఆ చివర అట్టలతికే ముసలాయన, నేనెవరో ఎరగనివాడు, తలెత్తకుండానే పలికాడు.

"ఏమ్మే!"

సుధాకర్ కంప్యూటరు దగ్గరికి పోయి, మొదటి పేజీ నుంచి నాయనను మళ్ళీ తెచ్చి కూర్చోబెట్టాడు.

మా వీధిలో ఇప్పుడు గుంతమగ్గాలు లేవు. కండెలు చుట్టే పిల్లలూ లేరు, బడికి పోతున్నారు, సంతోషమే. ఆ బడి వాళ్ళ నాయనను నోట్లోంచి పీకేస్తోందే, అదే నా కోపం. రేపు ఇంకెవరైనా దిద్దబోతే సాక్ష్యానికి ఉంటారని ఆరోజు అక్కడున్నవాళ్ళ పేర్లు రాసిపెడుతున్నాను: నేను, మా చెల్లెలు దేశమ్మ, సుధాకర్, మిషను తిప్పే భాస్కర, పలికిన మునస్వామి.