రాజమ్మక్క ఆకురాళ్లు

నిన్న మధ్యాహ్నం మూకండపల్లిలో ఒక వర్క్‌షాపు ముందు నడిచి వస్తుంటే, లోపల ఎవరో ఇత్తడిని సన్నగా అరగదీస్తున్న చప్పుడు వినిపించింది. ఎండలోనే ఆగిపోయాను. గాలిలో ఇత్తడి పొడి వాసన. ఒక్క క్షణం మళ్లీ రాజమ్మక్క వాకిట్లో కూర్చున్నట్టే అనిపించింది.

రాజమ్మక్క మా పక్కింటావిడ. గడియారాల ఫ్యాక్టరీలో చాలాకాలం పనిచేసి మానుకున్న మనిషి. ఇంట్లో కూర్చుని ఇత్తడి రేకులతో, తీగలతో చిన్నచిన్న నమూనాలు చేసేది. నాకు కడుపు పోయిన రోజులవి. పనికి పోవడం మానేశాను. చూడవచ్చినవాళ్లంతా ఎట్లా జరిగింది, ఏం తిన్నావు అని అడిగేవారు. రాజమ్మక్క ఏమీ అడగలేదు. "పద్మా, రామ్మా, నాకు సాయానికి మనిషి కావాల," అని పిలుచుకొని పోయింది.

అప్పుడామె చేస్తున్నది కుందారపల్లిలోని తన పుట్టిల్లు. హైవే వెడల్పు చేసినప్పుడు ఆ ఇల్లు పోయింది. ఆమె చేస్తున్నది అన్నం పళ్లెంలో పట్టేంత నమూనా. అరుగు, స్తంభాలు, మెట్లు, ఊచల కిటికీ అన్నీ ఉన్నాయి. గుడ్డ మీద అరగదీసే ఆకురాళ్లు పరిచింది. అగ్గిపుల్లకన్నా కాస్త లావు, అంతే. గుండ్రనిది, చదునుది, మూడంచులది, ఎలుక తోకలా కొనదేలినది.

"కిటికీ మూల కాస్త సాపు చెయ్యి. ఏది ఎత్తుకుంటావు?"

మూడంచులది తీసుకున్నాను. మూల సాపైంది గాని పక్క స్తంభానికి గీత పడింది. ఆమె కోప్పడలేదు. గీతను తానే దిద్ది, ఇంకొక ఆకురాయి నా చేతిలో పెట్టి, దాని అంచు మీద నా వేలు నడిపించింది. ఆ అంచుకు పళ్లు లేవు.

"యాడ అరగదియ్యాలో అదొకటే చూస్తే చాలదమ్మా. పక్కన ఏముందో గూడా చూసి ఎత్తుకో. ఇది పక్కదాన్ని ముట్టదు."

"ఇంత నున్నగా చెయ్యడం ఎందుకక్కా? ఎవరు చూస్తారు?" అన్నాను ఒకరోజు.

"మా అక్కకు కండ్లు పోయినాయి. ఆమె వేళ్లతోనే గదా చూడాల. గుచ్చుకోకూడదు."

ఆ తర్వాత నాకు కాలం తెలియలేదు. ఎండ వాకిట్లోంచి జరిగి గోడెక్కేది. మెట్ల మీద ఆకురాయి నడుస్తుంటే, వాటి మీద ఎవరో ఎక్కి వస్తున్నట్టు, లోపల పొయ్యి రాజుకుంటున్నట్టు ఉండేది. నేనెన్నడూ చూడని ఆ ఇంట్లో రోజంతా తిరుగుతూ ఉండేదాన్ని.

ఇల్లు పూర్తయ్యాక దాన్ని ఒళ్లో పెట్టుకొని ఇద్దరం బస్సులో కృష్ణగిరికి పోయాం. వాళ్లక్క మునెమ్మ వేళ్లు అరుగు మీద నెమ్మదిగా జరిగాయి, మెట్లెక్కాయి, తలుపు దగ్గర ఆగాయి.

"వాకిలి తెరిచే పెట్టినావే, రాజీ."

"అమ్మ ఎప్పుడు మూసిందిలే అక్కా!"

అక్కచెల్లెళ్లిద్దరూ ఆ చిన్న తలుపు మీద వేళ్లు ఆనించుకొని కూర్చున్నారు.

తిరుగు బస్సు సూళగిరి దాటింది. పొద్దు వాలుతోంది. ఎవరూ అడగకుండానే నా నోట మాట వచ్చింది.

"బిడ్డకు పేరు గూడా అనుకోని ఉంటినక్కా."

"ఏం పేరమ్మా?"

నన్ను చూడవచ్చిన అంతమందిలో ఆ మాట అడిగినవాళ్లు లేరు.

"వెన్నెల," అన్నాను.

రాజమ్మక్క నా చెయ్యి పట్టుకొని, నిద్రపోతున్న బిడ్డను లేపుతున్నంత మెల్లగా, "వెన్నెలా," అని ఒకసారి పిలిచింది.

ఇప్పుడు రాజమ్మక్క లేదు. నాకు తర్వాత ఇద్దరు కొడుకులు పుట్టారు, ఇల్లు సందడిగానే ఉంటుంది. అయినా ఏ పని మధ్యలోనో ఆ పిలుపు వినిపించి వెనక్కి తిరుగుతాను. నా పెద్దబిడ్డను ఈ లోకంలో పేరు పెట్టి పిలిచిన మనిషి ఒకామె ఉండింది. ఆ తోడుతోనే నడుస్తున్నాను.