సారు కాదన్న వడ్లు

సారు పోయారని ఫోన్ వచ్చేసరికి నేను విత్తనాల డిపో ముందు వరసలో నిలబడి ఉన్నాను. తెల్లవారుజామున నిద్రలోనే పోయారట. నాకు ముందు కోపమొచ్చింది, ఏడుపు తర్వాత వచ్చింది. పోయినవాళ్ళ గురించి మంచే చెప్పాలంటారు. చెబుతాను. రెండోది కూడా చెబుతాను, మీరేమైనా అనుకోండి.

కొండ దిగువన ఒక వరి పరిశోధన కేంద్రంలో ఆయన శాస్త్రవేత్త, నేను రోజుకూలీ మీద చేరిన సహాయకురాలిని. మాది అరకు దాటాక ముంచింగిపుట్టు వైపు వెళ్ళే దారిలో చిన్న ఊరు. మా ఊళ్ళో గెడ్డ పక్క, ఆ వాగు నీళ్ళు పారే నాలుగు మళ్ళలో వేసే పాత వడ్లంటే సారుకి ప్రాణం. తొలకరికి చల్లినా, వాన ఆలస్యమై శ్రావణంలో చల్లినా, అవి పూతకొచ్చి వెన్ను తీసేది మాత్రం దీపావళి ముందు ఒకే వారంలో.

"ఆకు చీకటిని కొలుస్తుందమ్మా" అనేవారు. "పగలు పొడుగ్గా ఉన్నన్నాళ్ళూ లోపల ఒక జన్యువు పూతకి బ్రేకేసి ఉంచుతుంది. రాత్రి పెరిగిందా, వదిలేస్తుంది. ఇప్పటి పొట్టి రకాల్లో ఆ బ్రేకు పనిచెయ్యదు. ఎప్పుడేసినా పూసేస్తాయి." చెప్పడం అయ్యాక చొక్కా కాలరు గుండీ పెట్టుకునేవారు. అంటే ఇక పనిలోకి వెళ్ళమని.

ఎండాకాలంలో రోజూ సాయంత్రం నాలుగున్నరకి వరి కుండీల మీద నల్లగుడ్డ కప్పి, రిజిస్టర్లో టిక్కు పెట్టడం నా పని. రాత్రి పొడుగైందని మొక్కల్ని నమ్మించాలి కదా. నా బస్సేమో నాలుగుంపావుకి. కొన్నాళ్ళు టిక్కు పెట్టేసి, గుడ్డ కప్పకుండానే పరిగెత్తాను. నెల తిరిగాక సారు నన్ను పూత రాని ఆ కుండీల దగ్గరికి పిలిచారు. "రిజిస్టర్లో నువ్వు కప్పావు. మొక్కేమో కప్పలేదంటోంది. ఎవర్ని నమ్మమంటావు?" అన్నారు. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన తిట్టలేదు. మర్నాటి నుంచి పని అయ్యాక తన స్కూటరు మీద వేరే బస్సు దొరికే చోట దింపేవారు. ఎవరు కనబడినా "మా రెండో అమ్మాయి" అని చెప్పేవారు. ఆ మాటకి నేనెంత పొంగిపోయేదాన్నో!

మా ఇంటికి వస్తే గంజే అడిగేవారు. ఆ పాత బియ్యం గంజి. గిన్నె ఎత్తి చివరి చుక్క దాకా తాగి, మూతి తుడుచుకుని, "ఇంకొంచెం ఉందా వదినా?" అనేవారు. మా అమ్మకి ఆయన మాటంటే వేదం.

కిందటేడు మా మళ్ళ పక్కన టెంట్ల రిసార్టు లేచింది. స్తంభాలకి పెద్ద పెద్ద లైట్లు, తెల్లవార్లూ వెలుగే. దీపావళి పోయింది, కార్తీకమూ పోయింది. నాలుగు మళ్ళూ గడ్డిలా పచ్చగా నిలబడ్డాయి, ఒక్క వెన్ను లేదు. లైట్లు ఆపించమని ఊరంతా కలిసి అర్జీ పెడితే, అధికారులు అప్పటికి రిటైరైన మా సారునే అభిప్రాయం అడిగారు. హమ్మయ్య, బతికిపోయాం అనుకున్నాను.

సారు వచ్చారు. గట్టు మీదే నిలబడి చూశారు, మడిలోకి దిగలేదు. విత్తనం పాతబడి గుణం తప్పిందని, లైటుకీ పూతకీ సంబంధం లేదని రాసి సంతకం పెట్టారు. నా వైపు చూడనేలేదు.

నేను గోల పెడితే మా అమ్మే నా నోరు మూయించింది. "నువ్వు కుండీలకి గుడ్డ కప్పినదానివి. ఆయన సదువుకున్నోరు. ఆయనే రాసీసినాక నువ్వేటి సెప్తావు?"

ఆ రిసార్టు సారు అల్లుడిదేనని తర్వాత తెలిసింది. సారు ఇంటికి వెళ్ళి అడిగేశాను. సారు చాలాసేపు కాలరు గుండీతో అవస్థ పడ్డారు. "లైటు వల్లేనమ్మా" అన్నారు చివరికి. "ఆపమంటే వాడు మునిగిపోతాడు. నాకు ఒక్కతే కూతురు."

ఒక్కతే! రెండో అమ్మాయినైన నేను టీ తాగి వచ్చేశాను.

ఆ మాట ఎవరికీ చెప్పలేదు. నాకు పనిచ్చి, అక్షరమ్ముక్క నేర్పిన మనిషిని పదిమందిలో నిలదీయలేకపోయాను. ఊళ్ళోవాళ్ళు సారు రాసింది నమ్మి, దాచుకున్న పాత విత్తనం వండుకు తినేసి డిపో ముందు వరస కడుతుంటే, నేనూ వాళ్ళతో వరసలో నిలబడ్డాను.

ఫోన్ వచ్చిన రోజు ఇంటికి చేరేసరికి అమ్మ రోట్లో వడ్లు దంచుతోంది. కబురు నాకన్నా ముందే వచ్చిందట.

"సారుకి ఈ బియ్యం గంజంటే పేనం కదే గుంటా. పదోరోజుకి పట్టికెల్దాం. బేగి ఆ సేట అందుకో."

వాన మొహం చాటేస్తే మళ్ళీ చల్లడానికని, లైట్లు రాకముందేడు పంటలోంచి దాచిన బుట్టెడు వడ్లు అవి. ఊళ్ళో ఇంకెక్కడా లేవు. పరిగెత్తి రోకలి పట్టుకున్నాను.

"ఆపే అమ్మా! వొడ్లకేటీ అవలేదు. సారు అబద్ధం రాసినారు."

"సచ్చిపోయినోరి మీద నింద ఎయ్యకు."

"ఆయనే నాతో ఒప్పుకున్నారే. ఆళ్ళింట్లో, నా ఎదరే."

అమ్మ చేతులు ఆగాయి. "ఎప్పుడు?"

"పుష్యంలో."

"అంటే ఊరోళ్ళు ఇత్తనాలు వొండుకు తింతన్నప్పుడు నీకు తెలుసా?"

తలూపాను.

ఆరోజు గట్టు మీద నేను సారుని ఎలా చూశానో, అమ్మ నన్నలాగే చూసింది. కొట్టలేదు, తిట్టలేదు. రోకలి మీద ఆమె చేతులూ నా చేతులూ అలాగే ఉండిపోయాయి. రోట్లో సగం బియ్యం, సగం వడ్లు.