చెవికి ఆనించిన స్క్రూడ్రైవర్

పంజగుట్ట సందులో రేకుల షెడ్డు నడిపే మెకానిక్ ఒకాయన నా స్కూటర్‌ని పన్నెండేళ్లు చూశాడు. నాకంటే కాస్త పెద్దవాడు, అన్నా అని పిలిచేవాణ్ణి. మా మొదటి పాత కారు ఎంచిపెట్టిందీ ఆయనే. అమ్మేవాళ్లకు ముందే చెప్పేవాడు, "మేమొచ్చేదాక బండి స్టార్ట్ చేయొద్దు" అని. వేడెక్కిన ఇంజన్‌లో లోపం తెలియదట. బానెట్ మీద అరచెయ్యి పెట్టి, చల్లగా ఉంటేనే తాళం తిప్పమనేవాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. "జర మాట్లాడకుండ్రి సార్" అనేవాడు. అలా మూడు కార్లు వద్దని నాలుగోది కొనిపించాడు. అది తొమ్మిదేళ్లు ఎక్కడా ఆగలేదు.

మా ఆవిడకి నడుం ఆపరేషన్ అయ్యాక ఆ కారు కుదుపులు పడలేదు. అమీర్‌పేటలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో అమ్మకానికి కారుందంటే ఆయన్ని వెంటబెట్టుకుని ముగ్గురం వెళ్లాం. యజమాని తాళం తిప్పాడు. ఇంజన్‌లోంచి టకటకమని, స్టీలు గిన్నె మీద గరిటెతో కొడుతున్నట్టు ఒకటే చప్పుడు. బండ్ల గురించి ఏమీ తెలియని నాకే వినిపించింది. మా ఆవిడ నా వైపు చూసింది.

ఆయన ఎప్పటిలాగే స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకున్నాడు. చాలాసేపు వంగి నిలబడ్డాడు. తర్వాత లేచి, "ఇంజన్ మస్తున్నది సార్. తీస్కోండ్రి" అన్నాడు.

"మరి ఆ చప్పుడేంటన్నా?" అని వెనకనుంచి అడిగాను. పలకలేదు. నవ్వుతూ యజమానితో చెయ్యి కలుపుతున్నాడు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండింది. రోడ్డెక్కాక, మెట్రో స్తంభాల కింద మా ముందు నడుస్తున్న ఆయన్ని ఉద్దేశించి, "నీకెంత ముట్టజెప్పాడన్నా?" అని గట్టిగానే అన్నాను. షేర్ ఆటో కోసం నిలబడ్డవాళ్లు తిరిగి చూశారు. ఆయన తిరగలేదు. మొహం చెల్లక తిరగలేదనుకున్నాను.

"ఏంటండీ ఆ మాట? ఆయన అలాంటి మనిషా?" అంది మా ఆవిడ.

ఆ కారు కొనలేదు. షెడ్డుకి వెళ్లడమూ మానేశాను. "బండి తీస్కున్నరా సార్" అని ఆయన రెండుసార్లు మెసేజ్ పెట్టాడు. చూసి వదిలేశాను.

ఏడాది గడిచింది. ఎర్రగడ్డ రైతు బజార్‌లో ఆయన భార్య కనిపించింది. ఎలా ఉన్నాడని మా ఆవిడే అడిగింది.

"షెడ్డు ఇడిసిపెట్టిండమ్మా. చెవులు పోయినయ్. ముప్పయ్యేండ్లు రేకుల కింద సుత్తె దెబ్బలే గద. మూడేండ్ల సంది తగ్గుకుంట వచ్చినయ్. ఎవ్వలకు చెప్పనియ్యలే. తెలిస్తే నన్నెవడు పిలుస్తడే అనెటోడు." నా వైపు తిరిగి, "సార్ జవాబియ్యలే, ఏం తప్పు జేసిన్నో అని మస్తు ఫికర్ చేసిండు" అంది.

నా చేతిలో టమాటాల సంచి ఉంది. దాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నిలబడ్డాను.

తర్వాతి ఆదివారం ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. అప్పటికి బండ్లు పరీక్షించే ఒక కంపెనీవాళ్ల రిపోర్టు నమ్మి వేరే పాత కారు తీసుకున్నాం. గుమ్మంలోంచి దాన్ని చూడగానే చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగొచ్చాడు. తలుపుల రబ్బరు లాగి కింద రేకు చూశాడు. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద మరకల కోసం వెతికాడు. కార్పెట్ ఎత్తి వాసన చూశాడు. "వానల్ల మునిగిన బండి గాదు సార్. మంచిగున్నది" అన్నాడు. తాళం మాత్రం అడగలేదు. బానెట్ ఎత్తమననూ లేదు.

క్షమించమని ఫోన్‌లో రాసి చూపిద్దామనుకున్నాను. దేనికి క్షమించాలో కూడా రాయాలి కదా. ఆ రోజు నేనన్న మాట ఆయనకి ఇప్పటికీ తెలియదు. రెండక్షరాలు కొట్టి చెరిపేశాను. ఆయన నా భుజం మీద చెయ్యేసి, "చాయ్ తాగి పోండ్రి" అన్నాడు, అవసరమైనదానికన్నా గట్టిగా.

ఇప్పటికీ నెలకోసారి వెళ్తుంటాం. ఆయన కారు చుట్టూ ఒకసారి తిరిగి చూస్తాడు, టైర్లు నొక్కుతాడు. ఆ రోజు రోడ్డు మీద నేనన్న మాట సంగతి మాత్రం ఇంతవరకూ చెప్పలేకపోయాను.