అరువు పిల్లలు

మా ఊళ్ళో గవర్నమెంటు ఎలిమెంటరీ స్కూళ్ళు రెండు ఉండేవి. కాలవకి ఇవతల నాది, అవతల పేటలో ఇంకొకటి. నాది అంటే, నేను హెడ్‌మిస్ట్రెస్‌గా ఏలిన బడి అని. దాని వైభవం చూసి తీరాలి. గోడల మీద నెమళ్ళు, జిరాఫీలు. కింద టైల్సు. క్లాసులో పెద్ద టీవీ. లేనిదల్లా పిల్లలే. రిజిస్టరులో మాత్రం ముప్ఫైమంది నిక్షేపంగా ఉండేవారు. వాళ్ళలో సగానికి పైగా పొద్దున్నే పసుపు రంగు బస్సెక్కి రామచంద్రపురం కాన్వెంటుకి పోయేవారు. పేర్లు కొట్టేస్తే బడి మూతపడుతుందని నేనూ చూడనట్టు ఊరుకున్నాను.

పేట బడికి జిరాఫీల యోగం లేదు పాపం. వానొస్తే ఒక మూల కారేది. ఐదు తరగతులకీ ఒక్కరే టీచరు గారు. అయినా పిల్లలు కిటకిటలాడేవారు. అటు చూస్తే చాలు, నాకు ఒళ్ళు మండేది.

ఒక ఏడాది, రెండు బళ్ళనీ పోల్చి చూసి ఒకటే ఉంచుతామన్నారు పైఅధికారులు. ఎంఈఓ గారు పొద్దున్న మా బడికి, మధ్యాహ్నం పేట బడికి వస్తారని కబురు. పదిహేనేళ్ళ బడి. సిగ్గు విడిచి కాలవ దాటి వెళ్ళి, ఒక్క పూటకి పిల్లల్ని ఇమ్మని ఆ టీచరు గారిని అడిగాను, పక్కింటికెళ్ళి గ్లాసుడు పంచదార అడిగినట్టు.

"బడి పోతే మీకూ కష్టమే కదండీ. భోజనాల వేళకి పంపేయండి," అంది ఆవిడ.

తనిఖీ రోజు పొద్దున్న పేట నుంచి వచ్చిన ఒక్కొక్కళ్ళకీ కాన్వెంటుకి పోయే పిల్లల పేర్లు ఒక్కొక్కటి అప్పగించి, వల్లె వేయించాను. నా సర్వీసులో ఏ ఎక్కమూ అంత శ్రద్ధగా చెప్పి ఎరగను. ఎంఈఓ గారు హాజరు పిలిస్తే అందరూ గణగణా పలికారు. ఆయన ముచ్చటపడిపోయారు. నేనైతే గెలిచేశాననే అనుకున్నాను.

మధ్యాహ్నం పిల్లల్ని దిగబెట్టే వంకతో నేనూ పేట బడికి వెళ్ళి, తేలు కుట్టిన దొంగలా గుమ్మం పక్కన నిలబడ్డాను. ఎంఈఓ గారు ముందు వరసలో ఉన్న మూడో తరగతి పిల్లని కాస్త అనుమానంగా చూసి, పేరేంటమ్మా అని అడిగారు. ఆ పిల్ల లేచి, ఒకసారి నా వంక చూసి, చేతులు కట్టుకుంది.

"ఏ బడిలో పేరండీ?"

దాని తప్పేముంది, పొద్దున్న నేను చెప్పిన పాఠమే.

మా బడి మూతపడింది. జిరాఫీలు ఇప్పటికీ అక్కడే కాపలా ఉన్నాయి. నన్ను పేట బడికే రెండో టీచరుగా వేశారు. తలెత్తుకోలేక, మొదటి రోజు నేరుగా బోర్డు దగ్గరికి పోయి సుద్దముక్క పట్టుకున్నాను. ముందు వరసలోంచి అదే పిల్ల, నవ్వకుండా, ఎంతో మర్యాదగా అడిగింది.

"టీచరు గారూ, ఇక్కడ మీ పేరేంటండీ?"