మేస్త్రీ గారు వదిలేసిన చక్రం

బందరు కోనేరు సెంటరు దగ్గర కార్లకు సీట్లు కుట్టే మేస్త్రీ గారు ఒకాయన ఉండేవారు. ఏ రేకునైనా ముందు వేలి కణుపుతో తట్టి, చెవి ఆనించి, లోపలినుంచి ఎవరో పలకాలన్నట్టు ఆగేవారు.

కారులో మోత తగ్గించమని వెళితే ఆయన నాకు మోత ఆపే షీట్లేవీ చూపించలేదు. పక్క సీట్లో కూర్చుని, "గూడూరు దాకా పోనివ్వండి" అని కళ్లు మూసుకున్నారు. తిరిగొచ్చాక తలుపు రేకులకు రబ్బరు షీటు, కాళ్లకింద దళసరి ఫెల్టు, పైకప్పుకు ఫోము అని తేల్చారు. ఎడమ ముందు చక్రం పైన మాత్రం ఏమీ వేయనన్నారు.

"ఎక్కువ మోత అక్కడినుంచేగా?" అన్నాను.

"అది రోడ్డు మోత కాదండీ. బేరింగు మూలుగుతోంది. ముందు మెకానిక్కి చూపించండి. జబ్బు మనిషి మూలుగుతుంటే నోట్లో గుడ్డలు కుక్కుతామా?"

నాకు ఒళ్లు మండింది. చేతకాక కబుర్లు చెబుతున్నాడనుకున్నాను. మిగతా పని ఆయన చేత చేయించుకుని, మర్నాడే చల్లపల్లిలో ఇంకొకరి చేత ఆ చక్రం పైన రబ్బరు షీటు రెండు పొరలు వేయించాను. మోత పోయింది. దాంతోపాటే మెకానిక్కు సంగతీ మరిచిపోయాను.

నెల తరవాత కాలవ గట్టు మీదుగా అవనిగడ్డ వెళ్తున్నాం. వెనక సీట్లో మా అమ్మాయి నిద్రపోతోంది. "ఎంత హాయిగా ఉందండీ" అంది మా ఆవిడ. ఎదురుగా సైకిలు మీద వస్తున్న రైతు గబుక్కున దిగి, మా ఎడమ చక్రం వైపు చెయ్యి చూపిస్తూ అరిచాడు. నోరు కదలడం కనిపించింది గాని మాట వినపడలేదు. స్టీరింగు నా చేతుల్లో సన్నగా వణికింది.

మేస్త్రీ గారిలాగే చెవి ఒగ్గాను. మా అమ్మాయి ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు.